ఆది సంఘం ఎదుర్కొన్న వ్యతిరేకత, ఉదాసీనత గురించి యూత్ మీటింగ్‌లో ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న: "ఆది క్రైస్తవుల హింసల మీద 40 నిమిషాల పాఠం చెప్పాలి. ఎక్కడ చూసినా సింహాల కథలే. పిల్లలు ముందే విసుగు ముఖం పెడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

సింహాల్ని వదిలేసి ఒక అర్జీతో మొదలుపెట్టండి.

క్రీ.శ. 249 చివర్లో రోమ్ చక్రవర్తి డెసియస్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు: రాజ్యంలోని వాళ్ళంతా దేవతలకు బలి అర్పించాలి. అర్పించినట్టు స్థానిక కమిటీ దగ్గర రాయించుకోవాలి. ఆ ధ్రువపత్రాలు ఈజిప్టు ఇసుకలో పాపిరస్ మీద నలభైకి పైగానే దొరికాయి. వాటిలో ఒకటి 250 జూన్ 26 నాటిది. అలెగ్జాండర్ దీవి అనే పల్లెకు చెందిన ఔరేలియస్ డయోజెనీస్, వయసు 72, గుర్తు కుడి కనుబొమ్మ మీద మచ్చ. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే. కింద విషయం: నేను ఎప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట కూడా అర్పించాను, పానార్పణ పోశాను, నైవేద్యం రుచి చూశాను, ధ్రువీకరించగలరు. ఆ కింద అర్జీదారు పేరు, సాక్షి సంతకం, తేదీ.

దీన్ని అరఠావు మీద తెలుగులో రాసి, పేరు, వయసు, మచ్చ ఖాళీగా వదిలి, తలా ఒకటి పంచండి. అయిదు నిమిషాలు చాలు. ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు, "మీలో ఎవరు సంతకం పెడతారు?" అని గట్టిగా అడగడం. అందరూ "పెట్టం" అంటారు, పాఠం అక్కడితో చచ్చిపోతుంది. అడగకండి, కాగితం చేతిలో ఉండనివ్వండి. ఇంకో మాట: డయోజెనీస్ క్రైస్తవుడని చెప్పకండి. ఈ పత్రం అందరూ తీసుకోవాల్సిందే. మొసలి దేవుడు పెటెసూకోస్ పూజారిణి ఒకామె తీసుకున్న పత్రం కూడా దొరికింది. ఆజ్ఞలో క్రైస్తవుల పేరెత్తాల్సిన పని లేదు. మామూలు మనిషికి అది పది నిమిషాల పని, విశ్వాసికి మాత్రం గొంతులో ముల్లు.

అంతకు ముందు పద్ధతి వేరు, దాన్ని క్లుప్తంగా చెప్పి దాటేయండి. సుమారు 112లో పొంతు, బితూనియలకు (పేతురు మొదటి పత్రిక మొదటి వచనంలో కనిపించే ప్రాంతాలే) ప్లినీ రోమ్ తరఫున అధిపతి. క్రైస్తవుడివా అని మూడుసార్లు అడిగేవాడు, మూడుసార్లూ అవునంటే మరణశిక్ష. కాదన్నవాళ్ళు చక్రవర్తి బొమ్మ ముందు ధూపం, ద్రాక్షారసం అర్పించి క్రీస్తును దూషిస్తే విడుదల. ఇది సరేనా అని ప్లినీ రాసిన ఉత్తరానికి ట్రాజన్ చక్రవర్తి జవాబు: వాళ్ళను వెతకొద్దు, ఆకాశరామన్న ఉత్తరాలు పట్టించుకోవద్దు, ఎవరైనా పట్టిచ్చి నేరం రుజువైతే శిక్షించు. అంటే ప్రమాదం రోమ్ నుంచి కాదు, పక్కింటి నుంచి. ప్లినీ ఉత్తరంలోనే కారణం కూడా ఒకటి తొంగిచూస్తుంది: బలిమాంసం కొనేవాళ్ళు కరవయ్యారట. ఎఫెసులో దేమేత్రి అనే కంసాలి గొడవ లేపిందీ వ్యాపారం దెబ్బతింటుందనే (అపొస్తలుల కార్యములు 19). ఈ రెండూ పక్కపక్కన పెడితే పిల్లలే అందుకుంటారు.

ఇక అసలు పాఠం, డెసియస్ ఆజ్ఞ వచ్చినప్పుడు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో జరిగింది. దీనికి 15 నిమిషాలైనా ఉంచుకోండి. రోమ్ బిషప్ ఫేబియన్ 250 జనవరిలోనే చనిపోయాడు, కార్తేజ్ బిషప్ సిప్రియన్ అజ్ఞాతంలోకి వెళ్ళాడు. ఆ తర్వాత సిప్రియన్ రాసినదాన్ని బట్టి, చాలామంది విశ్వాసులు ఎవరూ పట్టుకోకముందే తమంతట తామే బలి ఇవ్వడానికి పరుగెత్తారు. పొద్దుపోయింది రేపు రమ్మని అధికారులు పంపేస్తుంటే, ఇవాళే కానిచ్చెయ్యమని బతిమాలారు. ఎందుకలా? దీర్ఘకాలం శాంతిగా గడిచి విశ్వాసం నిద్రపోయింది, అందరికీ ఆస్తి పెంచుకోవడమే ధ్యాస, బిషప్పులు కొందరు సొంత సంఘాన్ని వదిలి లాభాల కోసం సంతలు పట్టుకు తిరిగారు. ఇదీ ఆయన చెప్పిన కారణం. పాఠమంతటికీ ఇదే ఆయువుపట్టు. తలుపు తట్టింది డెసియస్, కానీ గడియ చాలా ముందే ఊడిపోయి ఉంది.

తర్వాత వచ్చిన చిక్కు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆజ్ఞకు లొంగి విశ్వాసంలో పడిపోయినవాళ్ళు ఒకే రకం కాదు: బలి ఇచ్చినవాళ్ళు, ధూపం మాత్రమే వేసినవాళ్ళు, బలి ఇవ్వకుండా లంచంతోనో పలుకుబడితోనో పత్రం సంపాదించినవాళ్ళు. జైలుకెళ్ళి నిలబడిన విశ్వాసులు, వీళ్ళను చేర్చుకోమని సిఫారసు చీటీలు ఇవ్వడం మొదలుపెట్టారు. కొన్ని చీటీల్లో "ఫలానావాడిని, అతని వాళ్ళను" అని మాత్రమే ఉండేది. ఆ "వాళ్ళు" ఇరవైమందో ముప్పైమందో కావచ్చు కదా! పేర్లు రాయండి, మీకు తెలిసినవాళ్ళకే, పశ్చాత్తాపం చూసినవాళ్ళకే ఇవ్వండి అని సిప్రియన్ పట్టుబట్టాడు. రోమ్‌లో నొవేషియన్ అనే పాదిరి మాత్రం పడినవాళ్ళను మళ్ళీ చేర్చుకోవడమే కుదరదన్నాడు, సంఘం చీలింది.

ఆ తర్వాత లవొదికయ సంఘాన్ని పెట్టండి: నువ్వు చల్లగానూ లేవు, వెచ్చగానూ లేవు, నులివెచ్చగా ఉన్నావని మందలింపు అందుకున్న సంఘం (ప్రకటన 3). "వెచ్చన అంటే భక్తి, చల్లన అంటే ద్వేషం" అని చెప్పడం వాడుక. కానీ చల్లగానైనా ఉంటే మేలు అనే మాట అప్పుడు అతకదు. ఉత్తరాన హియెరాపొలిలో వేడినీటి ఊటలు, ఇవి ఇప్పటికీ టర్కీలోని పాముక్కలెలో ఉన్నాయి. లవొదికయకు నీళ్ళు గొట్టాల్లో రావాలి. మిగిలిన గొట్టాల లోపల పేరుకున్న సున్నపు పొర చూస్తే ఆ నీళ్ళ సంగతి అర్థమవుతుంది. వేడినీళ్ళు ఒంటికి, చల్లనీళ్ళు గొంతుకు, నులివెచ్చనివి దేనికి? పైగా 60లో భూకంపంతో కూలిన ఊరిని రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతో కట్టుకున్నారు. "నాకేమియు కొదువలేదు" అనే మాట ఆ ఊరికి అచ్చంగా సరిపోతుంది.

ఆఖరి 5 నిమిషాలకు ఒక్క ప్రశ్న దాచుకోండి. ఒకడు లంచమిచ్చి పత్రం తెచ్చుకున్నాడు, ఇంకొకడు పిల్లల ప్రాణాల కోసం బలి ఇచ్చాడు. ఇద్దరూ ఏడుస్తూ సంఘం గుమ్మం దగ్గరున్నారు. ఎవరిని ఎప్పుడు చేర్చుకుంటారు? వాళ్ళు తేల్చేదాకా 251 కార్తేజ్ సభ తీర్పు బయటపెట్టకండి: పత్రం మాత్రమే తెచ్చుకున్నవాళ్ళను ఒక్కొక్కరి సంగతి విచారించి చేర్చుకోవాలి, బలి ఇచ్చినవాళ్ళు పశ్చాత్తాపంలో కొనసాగాలి, చావు ముంచుకొస్తే మాత్రం వాళ్ళకూ తలుపు తెరవాలి. రెండేళ్ళు తిరిగేసరికి మళ్ళీ హింస వస్తుందన్న భయంతో ఆ నిబంధననూ సడలించారు.