రోమా సంస్కృతిని కాపాడటానికి భారతీయులుగా మనమేం చేయగలం?

యూరప్‌లో జిప్సీలని పిలిచే రోమాలు వెయ్యేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లినవాళ్లే కదా, వాళ్ల సంస్కృతి మీద మనమే పరిశోధన చేసి కాపాడితే బాగుంటుంది కదా అని అడిగారు. ఉద్యోగం కోసం వచ్చి చెక్ రిపబ్లిక్‌లోని బ్ర్నోలో ఉంటున్నాను. నా ఉద్దేశంలో ఆ పని చేయాల్సింది వాళ్లే, చేస్తున్నారు కూడా. ఇక్కడి రోమా సంస్కృతి మ్యూజియాన్ని 1991లో మొదలుపెట్టింది చదువుకున్న రోమాలే.

మా బిల్డింగులో కింది అంతస్తులో ఒక రోమా పెద్దావిడ ఉంటారు. యుద్ధం అయ్యాక తూర్పు స్లొవేకియా నుంచి వచ్చిన కుటుంబం. చెక్ ప్రాంతపు పాత రోమాల్లో దాదాపు 90 శాతం మందిని నాజీలు పొట్టన పెట్టుకున్నారు. ఇప్పుడు ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది ఈవిడలా స్లొవేకియా నుంచి వచ్చినవాళ్లూ, వాళ్ల పిల్లలూ. ఓ రోజు నేను వాళ్లింట్లో ఉండగానే ఒక చెక్ విద్యార్థి రికార్డర్ పట్టుకొచ్చాడు. మర్యాదస్తుడే. పుట్టిన ఊరేది, నాన్న ఏం చేసేవాడు అని అడుగుతుంటే ఆవిడ పోలీసులకు వాంగ్మూలం ఇస్తున్నట్టు ముక్తసరిగా చెప్పి ఊరుకున్నారు.

తర్వాత ఒక ఆదివారం ఆవిడ చెల్లెలి మనవరాలు అదే వంటింటి బల్ల మీద ఫోన్ పెట్టి వాళ్ల భాష రోమానీలో ఏదో అడిగింది. పెద్దావిడ లోపలికెళ్లి ప్లాస్టిక్ సంచీ నిండా ఫొటోలు తెచ్చి బల్ల మీద గుమ్మరించారు. ఒక ఫొటోలో నాన్న చేతిలో వయొలిన్, వెనక సింబాలోమ్ అనే తీగల వాద్యం. అంచున సగం తెగిపోయిన మనిషి చెయ్యి మాత్రమే కనిపిస్తోంది. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడానికే పావుగంట పట్టింది: బాస్ వాద్యం వాయించే మేనమామట, నాన్నతో కలిసి పగలు పచ్చి ఇటుకలు చేసి రాత్రి రైతుల పెళ్లిళ్లలో వాయించేవాడట. బల్ల మీద వేళ్లతో దరువేసి, ఆ పిల్ల తప్పు వేస్తే చెయ్యి పట్టుకుని సరిదిద్దారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఆ పిల్ల తర్వాత చెక్‌లో చెప్పింది.

ఆవిడ మొదట అలా బిగుసుకుపోవడానికి కారణం ఉంది. 1927 చట్టంతో సంచార రోమాలకు వేలిముద్రలతో ప్రత్యేక గుర్తింపు కార్డులిచ్చారు. 1958 చట్టంతో బళ్ల చక్రాలు ఊడదీయించి ఉన్నచోటే ఉండమన్నారు. ప్రభుత్వ దస్త్రాల్లో వాళ్ల గురించి ఉన్నదంతా ఎక్కువగా పోలీసులు రాసుకున్నదే. లేటీ అనే ఊళ్లో నాజీల కాలంలో వందల మంది రోమాలు చనిపోయిన క్యాంపు ఉండేది, దాని కాపలాదారులు చెక్‌లే. ఆ చోట 1970లలో పందుల ఫారం కట్టారు. ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాక ప్రభుత్వం దాన్ని కొని 2022లో కూల్చడం మొదలుపెట్టింది, 2024లో స్మారకం తెరిచారు. దాన్ని చూసుకునేది కూడా బ్ర్నో మ్యూజియమే.

బయటివాళ్లు అసలు చేయకూడదని కాదు. మిలెనా హుబ్ష్మనోవా రోమా కాదు. హిందీ, ఉర్దూ, బెంగాలీ చదివిన చెక్ మనిషి. రోమా ఇళ్లలో కూర్చుని భాష నేర్చుకుని, వాళ్ల కథలు, జ్ఞాపకాలు దశాబ్దాలపాటు రికార్డు చేశారు. వాళ్లచేత వాళ్ల భాషలోనే రాయించారు. 1991లో ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో మొదలైన రోమా అధ్యయన శాఖ ఆవిడ చలవే.

మనవాళ్ల తీరు చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. 2016లో ఢిల్లీలో అంతర్జాతీయ రోమా సదస్సు పెట్టి ఘనంగా మాట్లాడుకున్నాం. యూట్యూబ్ నిండా ‘తప్పిపోయిన మన బిడ్డలు’ అంటూ వీడియోలు. ఇక్కడ ఇల్లు వెతుక్కునే మన కుర్రాళ్లేమో బ్రాటిస్లావ్‌స్కా వీధి వైపు వద్దు, అక్కడ వాళ్లుంటారు అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మ్యూజియం ఉన్నది ఆ వీధిలోనే! ఇక్కడ ఏళ్లుగా ఉంటూ దాని గడప తొక్కనివాళ్లు ఎంతమందో.

మాది దేవరకొండ వైపు. చుట్టూ లంబాడీ తండాలే. వాళ్ల పాత పాటలు పాడే ముసలమ్మలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్ల దగ్గర ఫోన్ పెట్టి కూర్చోవాల్సింది ఆ తండాల్లో పుట్టి లంబాడీ భాష గోర్‌బోలి మాట్లాడే పిల్లలే. మీకు పరిశోధన మీద అంత ఆసక్తి ఉంటే అలాంటి పిల్లలు ఇద్దరికి మంచి మైకులు కొనిపెట్టండి, రికార్డింగులు వాళ్ల పేరు మీదే ఉండనివ్వండి. లేదు, రోమాల మీదే చేస్తానంటే ముందు ప్రాగ్ వచ్చి భాష నేర్చుకోండి. సెలవుల్లో వచ్చి, నాలుగు ఇంటర్వ్యూలు తీసుకుని, పేపరు రాసుకుని వెళ్లిపోయేవాళ్లు ఇక్కడ ఇప్పటికే చాలామంది ఉన్నారు.