ఆరో రౌండ్‌లో టైట్ ఎండ్‌ని తీసుకుంటే తిట్టాల్సిన పనేముంది?

"మా టీమ్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఆరో రౌండ్‌లో ఎవరికీ తెలియని టైట్ ఎండ్‌ని తీసుకుంది, ఫ్యాన్స్ అందరూ తిట్టిపోస్తున్నారు, నిజంగా అంత చెత్త పిక్కా?" అని మీరు అడిగారు. కానే కాదు. డ్రాఫ్ట్ మూడో రోజున, అంటే చివరి రౌండ్లలో, ఒక టీమ్ చేయగలిగిన పనుల్లో ఇంతకన్నా తెలివైనది లేదని నా గట్టి నమ్మకం. కొత్తవాళ్ళ కోసం: ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్. డ్రాఫ్ట్ అంటే ఏటా కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, మూడు రోజుల్లో ఏడు రౌండ్లు. టైట్ ఎండ్ అంటే బంతి పట్టడంతో పాటు ఎదుటివాళ్ళని తోసి దారి చేసేవాడు. నేను శాన్ ఫ్రాన్సిస్కో టీమ్ ఫార్టీనైనర్స్ అభిమానిని. కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటాను. ఈ తిట్లన్నీ మా ఇంటి హాల్లోనే విన్నాను.

2017 సంగతి ఇది. అంతకుముందు సీజన్‌లో రెండు గెలిచి పద్నాలుగు ఓడిపోయాం. జనరల్ మేనేజర్ జాన్ లించ్, కోచ్ కైల్ షానహాన్, ఇద్దరూ కొత్తవాళ్ళే. శుక్రవారం మూడో రౌండ్‌లో అయోవా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) సి.జె. బెథర్డ్‌ని తీసుకున్నారని అప్పటికే అందరూ మండిపడుతున్నారు. తెల్లారి ఐదో రౌండ్‌లో, 146వ పిక్‌గా, మళ్ళీ అదే అయోవా నుంచి జార్జ్ కిటిల్ అనే టైట్ ఎండ్ పేరు చదివారు. మా బావమరిది తింటున్న పెసరట్టు పక్కన పెట్టేసి, "ఏంటి బావా ఇది, వీళ్ళకి ఇంకో కాలేజీయే దొరకలేదా?" అన్నాడు. ఫోన్ తీసి లెక్కలు చదివాడు. కాలేజీలో ఆడినన్నాళ్ళూ కలిపి 48 క్యాచ్‌లు, 737 యార్డులు. అంతే, తీర్పు అయిపోయింది.

క్యాచ్‌ల లెక్క చూసి టైట్ ఎండ్‌ని కొలవడం దగ్గరే ఫ్యాన్స్ దారి తప్పుతున్నారు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్‌ని వాడు కొట్టిన పరుగులు చూసి తీసుకుని, చేతికి గ్లోవ్స్ ఉన్నాయన్న సంగతి మర్చిపోయినట్టే ఇదీ. అయోవా ఎక్కువగా బంతితో పరుగెత్తే ఆట ఆడుతుంది. అక్కడ టైట్ ఎండ్ ముందు ఎదుటివాడిని తొయ్యాలి, బంతి సంగతి ఆ తర్వాత. అలాంటి చోట నుంచి వచ్చినవాడికి పెద్ద అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? కిటిల్ కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షల్లో) 40 యార్డులు 4.52 సెకన్లలో పరుగెత్తాడు. అంత వేగం, అంత తోసే బలం ఒకే మనిషిలో ఉండి కూడా ఐదో రౌండ్ దాకా మిగిలాడంటే ఆ 48 అనే అంకే ముఖ్య కారణమని నేనంటాను.

నా కళ్ళతో చూసింది చెప్తాను. 2020 జనవరి 19, గ్రీన్ బే ప్యాకర్స్‌తో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ (గెలిస్తే లీగ్ ఆఖరి ఆట సూపర్ బౌల్‌కి వెళ్తారు), మా స్టేడియం ఉన్న శాంటా క్లారాలో. మా సీట్లు బాగా పైన. పైనుంచి చూస్తే టీవీలో కనపడనిది కనపడుతుంది, ఇరవై ఇద్దరూ ఎటు కదులుతున్నారో తెలుస్తుంది. పక్క సీట్లో రంగు వెలిసిన ఎర్ర జాకెట్ వేసుకున్న ఒక పెద్దాయన. మొదటి క్వార్టర్‌లోనే నా భుజం తట్టి, "బంతిని వదిలేయ్, 85 నంబర్‌ని చూడు" అన్నాడు. 85 అంటే కిటిల్. సరేనని చూశాను. ఎదురుగా ఉన్నది జడారియస్ స్మిత్, ప్రెస్టన్ స్మిత్. ఆ సీజన్‌లో ఇద్దరూ కలిసి 25.5 శాక్స్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడేయడం) కొట్టినవాళ్ళు. స్నాప్ అయిన, అంటే బంతి అందించి ఆట మొదలెట్టిన ప్రతిసారీ కిటిల్ వంగి, ఎదుటివాడి ఛాతీ కింద చేతులు పెట్టి, కాళ్ళు చిన్న చిన్న అడుగులుగా ఆడిస్తూ వాణ్ణి పక్కకి నెట్టుకుపోతున్నాడు. ఆ ఖాళీ అయిన సందులోంచి బంతితో పరుగెత్తే మా రహీమ్ మోస్టర్ట్ దూసుకుపోతున్నాడు. విజిల్ మోగాక కూడా కిటిల్ ఇంకా తోస్తూనే ఉన్నాడు. పెద్ద స్క్రీన్ మీద చూపిస్తే ముఖం నిండా నవ్వు.

మోస్టర్ట్ ఆ రోజు 220 యార్డులు, నాలుగు టచ్‌డౌన్లు (బంతిని చివరి గీత దాటించడం). క్వార్టర్‌బ్యాక్ గరోపోలో ఆట మొత్తంలో విసిరింది ఎనిమిది పాస్‌లే. 37-20తో గెలిచి సూపర్ బౌల్‌కి వెళ్ళాం. కిటిల్ పట్టింది ఒకే ఒక్క బంతి! ఆ సీజన్‌లో అతను ఆడినవాటిలో అదే గొప్ప ఆట అని నేనంటాను, ఎవరితోనైనా వాదిస్తాను.

సోమవారం ఆఫీసులో ఏం విన్నానో చెప్పనా? "కిటిల్ నా ఫ్యాంటసీ టీమ్‌ని ముంచేశాడు." టీమ్ సూపర్ బౌల్‌కి వెళ్ళిన మర్నాడు! ఈ ఫ్యాంటసీ లీగ్‌లు వచ్చాక ఆట చూసే చూపే పాడైపోయింది. పాయింట్లు రాని పని కంటికి ఆనదు. టీవీ కెమెరా కూడా బంతి వెంటే పోతుంది. దానికి తోడు డ్రాఫ్ట్ అయిన మర్నాడే ప్రతి టీమ్‌కీ ఏ, బీ, సీ అని గ్రేడ్లు ఇచ్చేస్తారు. ఒక్క స్నాప్ ఆడని పిల్లలకి మార్కులేంటి? ఇంటర్‌లో చేరిన రోజే ర్యాంకులు గోడకి అంటించే అలవాటు మన ఊళ్ళలో చూసి విసిగిపోయాను, ఇక్కడా అదే.

క్యాచ్‌లే కావాలంటే అవీ ఉన్నాయి. 2018లో కిటిల్ 1,377 యార్డులు చేశాడు. అప్పటికి టైట్ ఎండ్లలో అదే రికార్డు. ఆ డిసెంబర్‌లో డెన్వర్ మీద మొదటి సగంలోనే 210 యార్డులు. ఒక ఆటలో టైట్ ఎండ్ రికార్డు 214, అది డెన్వర్‌కి ఆడిన షానన్ షార్ప్‌ది. షార్ప్‌ని తీసుకుంది 1990లో ఏడో రౌండ్‌లో! ఇంకో టైట్ ఎండ్ ఆంటోనియో గేట్స్‌నైతే డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనేలేదు, కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడినవాడు, ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. అదే 2017లో 19వ పిక్‌గా టాంపా బేకి వెళ్ళిన టైట్ ఎండ్ ఓ.జె. హోవర్డ్ అక్కడున్న ఐదేళ్ళలో ఏ సీజన్‌లోనూ 600 యార్డులు దాటలేదు. టైట్ ఎండ్ మీద మొదటి రౌండ్ ఖర్చుపెట్టేవాళ్ళకి ఇంకేం చెప్పాలి?

అన్ని పిక్‌లూ పండవు, నిజమే. 2019లో ఆరో రౌండ్‌లో మావాళ్ళు తెచ్చిన టైట్ ఎండ్ కేడెన్ స్మిత్‌ని ఆ సెప్టెంబర్‌లోనే వదిలేస్తే న్యూయార్క్ జెయింట్స్ తీసుకుంది. ఆరో రౌండ్ కాబట్టి మాకు పెద్ద నష్టం లేదు. మరుసటి ఏడాది అదే రౌండ్‌లో వచ్చిన చార్లీ వర్నర్ నాలుగేళ్ళు బ్లాకింగ్ (ఎదుటివాళ్ళని తోయడం) చేస్తూ, స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే ఆటలకి దిగే జట్లు) పరుగెడుతూ మాతోనే ఉన్నాడు. 2024లో అట్లాంటా అతన్ని తీసుకుపోయింది. బ్లాక్ చేసే టైట్ ఎండ్ విలువ ఇంకో టీమ్‌కి తెలిసింది, మా ఫ్యాన్స్‌లో సగం మందికి అతని పేరు కూడా తెలియదు.

మీ టీమ్ తీసుకున్న కుర్రాడి సంగతి తేలాలంటే ఆగస్టు దాకా ఆగండి. సీజన్‌కి ముందు జరిగే ప్రీసీజన్ ఆటల్లో అందరూ టీవీ కట్టేసే నాలుగో క్వార్టర్ చూడండి. పంట్, కిక్‌ఆఫ్ టీముల్లో, అంటే బంతిని తన్నే ఆ స్పెషల్ టీమ్స్‌లో అతని నంబర్ ఉందా, పరుగు ఆటల్లో అతను నిలబడిన వైపుకే బంతి పంపుతున్నారా, ఈ రెండూ గమనించండి. రెండూ ఉంటే అతను టీమ్‌లో నిలిచినట్టే.