అగ్రికల్చర్ చదివి లైబ్రరీ సైన్సా? ఆపేముందు ఒక్కసారి ఆలోచించండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక ఊరు. మిర్చి, పత్తి వేస్తాం. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ అగ్రికల్చర్ పూర్తి చేసింది. ఎమ్మెస్సీ సీటుకు ర్యాంకు రాలేదు. మళ్లీ రాయమంటే లైబ్రరీ సైన్స్ చదువుతానంటోంది. కాలేజీలో స్నేహితులకు కావలసిన థీసిస్‌లు, పరిశోధన పేపర్లు తనే వెతికి పెట్టేదట. నాలుగేళ్లు వ్యవసాయం చదివించింది పుస్తకాలు సర్దడానికా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మాయి స్నేహితులకు వెతికి పెట్టేదన్న మాట మీరు మామూలుగా రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అదే ముఖ్యంగా కనిపించింది. ఎందుకో చెప్పాలంటే ముందు మీ చేను గురించి మాట్లాడాలి.

2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు ఎలా పడిందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. పూతలో చేరి పంట పాడుచేసింది. మన మిర్చి రైతుకు అది కొత్త. దేశంలో దాన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. ఇండోనేషియా మిర్చి తోటల్లో మాత్రం అది ఎప్పటినుంచో ఉన్న పురుగే. అంటే మనకు కావలసిన సమాచారంలో కొంత అప్పటికే ఏదో ఒక లైబ్రరీలో ఉంది. ఎక్కడుంది, ఏ భాషలో ఉంది, ఏ పేరు కింద ఉందన్నదే చిక్కు. ఇప్పుడు ఆ పురుగు శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో మొదట వర్ణించినప్పుడు ఐసోన్యూరోత్రిప్స్ అనే ప్రజాతిలో (జీనస్‌లో) చేర్చారు. పాత రచనలు దొరకాలంటే ఆ పేరుతో కూడా వెతకాలి. కీటక శాస్త్రం చదవని లైబ్రేరియన్‌కు ఈ సంగతి తట్టడం కష్టం. మీ అమ్మాయికి తడుతుంది. ఆ నాలుగేళ్ల చదువు వృథా కాదని నేను అనేది ఇందుకే.

వ్యవసాయం మీద ప్రపంచంలో వచ్చేవన్నీ కొనుక్కోగల లైబ్రరీ ఎక్కడా లేదు. అందుకే అవి ఊళ్లో రైతులు ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళ్లినట్టు పనిచేస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1970ల మధ్యలో రోమ్ నుంచి అగ్రిస్ అనే ఏర్పాటు మొదలుపెట్టింది. అందులో చేరిన ప్రతి దేశం తన గడ్డ మీద అచ్చయిన వ్యవసాయ రచనల వివరాలు పంపుతుంది, బదులుగా అన్ని దేశాల వివరాలూ అందరికీ అందుతాయి. మన వైపు నుంచి భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, ఆ వివరాలు పంపుతూ వచ్చింది. అమెరికాలో బెల్ట్స్‌విల్‌లోని జాతీయ వ్యవసాయ గ్రంథాలయం అగ్రికోలా పేరుతో తన జాబితాను అందరికీ తెరిచి ఉంచింది.

ఆహార, వ్యవసాయ సంస్థదే అగ్రోవాక్ అని ఒక పదకోశం ఉంది. ఒక పంటకో, పురుగుకో, పద్ధతికో వేర్వేరు భాషల్లో ఉన్న పేర్లన్నిటినీ ఒక్కచోట ముడివేస్తుంది. ఒక భాషలో వెతికినా మరో భాషలో ఉన్న రచన దొరికే వీలు దీనివల్లే. అందులో తెలుగు కూడా ఉంది. నాకు ఇది చాలా సంతోషం కలిగించే విషయం. కానీ ఇలాంటి కోశాల్లో తెలుగు బలంగా ఉండాలంటే రైతు నోట్లో ఉన్న మాటనీ, శాస్త్రవేత్త రాసే పేరునీ కలపగలిగే మనుషులు కావాలి. మీ ఇంట్లో పుట్టి, అగ్రికల్చర్ చదివిన అమ్మాయి కంటే ఆ పనికి ఎవరు తగినవాళ్లు?

మన దేశంలో పని ఎలా ఉంటుందో కూడా చూడండి. 2007లో ఐసీఏఆర్ సంస్థలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి సెరా అనే కూటమిగా ఏర్పడి జర్నళ్లను, అంటే పరిశోధన పత్రికలను, ఉమ్మడిగా తెప్పించుకోవడం మొదలుపెట్టాయి. తమ దగ్గర లేని పేపర్ కోసం ఒక లైబ్రరీ అడిగితే, ఉన్న లైబ్రరీ స్కాన్ చేసి పంపుతుంది. థీసిస్‌ల కోసం కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. ఎక్కడో బీరువాలో మూలపడిపోయే థీసిస్‌లు ఇప్పుడు అక్కడ చేరుతున్నాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన శాస్త్రవేత్తల పత్రాలను ఎవరైనా చదువుకునేలా నెట్‌లో పెట్టింది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు దాదాపు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. ఇన్ని ఉన్నప్పుడు కావలసిన ఒక్కటి ఏరి ఇవ్వగల మనిషి విలువ పెరుగుతుందే తప్ప తగ్గదని నా నమ్మకం.

ఇక కష్టం సంగతి. వ్యవసాయ లైబ్రరీల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. లైబ్రరీ సైన్స్‌లో డిగ్రీ బీఎల్‌ఐఎస్సీ ఒక ఏడాది, పీజీ ఎంఎల్‌ఐఎస్సీ మరో ఏడాది. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే పీజీలో 55 శాతం మార్కులు, నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణత అడుగుతారు. ఐసీఏఆర్ సంస్థల్లో ఈ ఉద్యోగాలు టెక్నికల్ కేడర్ కిందికి వస్తాయి. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్‌గా చదవొచ్చు. ఇంటి ఖర్చు ఇబ్బందయితే దూరవిద్యలో ఇగ్నో ఉంది. నన్నడిగితే వీలైనంతవరకు రెగ్యులర్‌కే పంపండి, ఈ పని చేతులతో చేస్తేనే వస్తుంది. కోహా అనే ఉచిత లైబ్రరీ సాఫ్ట్‌వేర్, డిజిటల్ భాండాగారం నడపడం, డేటా సర్దడం నేర్చుకోమనండి. అవి వస్తే పరిశోధన ప్రాజెక్టుల్లో, జర్నళ్లు నడిపే కంపెనీల్లో కూడా ప్రయత్నించొచ్చు.

ఒక అనుమానం మాత్రం ఆమెతో కూర్చుని తీర్చుకోండి. ర్యాంకు రాలేదన్న బాధతో ఇటు తిరిగిందా, నిజంగా ఇదే ఇష్టమా? బాధతోనే అయితే ఇంకో ఏడాది ఎమ్మెస్సీకి రాయడం మేలు. అది తేలాలంటే కోప్పడి అడగొద్దు, ఒక పని అప్పగించండి. నల్ల తామర మీద కృషికోశ్‌లో, అగ్రిస్‌లో వెతికి, మీ చేనుకు పనికొచ్చే సంగతులు ఒక్క పేజీలో తెలుగులో రాసివ్వమనండి. పూర్తి థీసిస్ తెరుచుకోని చోట సారాంశం చాలు. వారం గడువివ్వండి. ఆ పేజీ మీరు చదవండి, పక్క చేను రైతుకు చదివి వినిపించండి. పనికొచ్చే మాటలున్నాయో లేదో మీ ఇద్దరి కంటే బాగా నేను చెప్పలేను.