పని కబురు ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఈ మధ్యే హనుమకొండలో ఒక చిన్న కంపెనీలో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్‌గా చేరాను. ములుగు జిల్లా చెరువుల్లో నీటిమట్టం కొలిచే సెన్సార్లు పెట్టడం మా పని. పాత కంపెనీలోని కమ్యూనికేషన్ ప్లాన్‌నే ఇక్కడా పెట్టాను: రోజూ పావుగంట వీడియో కాల్, అందరికీ ఒకటే వాట్సాప్ గ్రూప్, వారం వారం పని పురోగతిని ఒకే తెర మీద చూపే డాష్‌బోర్డ్. నీటిపారుదల శాఖ ఇంజనీర్లు కాల్‌లోకి రారు. డాష్‌బోర్డ్ ఎవరూ తెరవరు. సెన్సార్ స్తంభం ఎక్కడ పాతాలని గ్రూపులో అడిగితే బొటనవేలు గుర్తు పెడతారు, తర్వాత మేం ఒప్పుకోలేదంటారు. ఫాలోఅప్ సరిగ్గా లేదని మా ఎండీ గారు నన్నే అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. లోపం ప్లాన్‌లోనా, మనుషుల్లోనా?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మనుషుల్లో కాదమ్మా. ఆ ప్లాన్ పుట్టిన ఆఫీసు వేరు, ఇప్పుడు అది నడవాల్సిన ఆఫీసులు వేరు. నేను అదే శాఖలో ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) చేరి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) రిటైరయ్యాను కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను.

మీ పాత కంపెనీలో టీమంతా ఒక్క ప్రాజెక్ట్ మేనేజర్ కింద ఉండి ఉంటుంది. అక్కడ కాల్‌లో అన్న మాటే నిర్ణయం. శాఖలో అలా కాదు. చెరువు దగ్గర ఏఈఈ, సబ్‌డివిజన్‌కు డీఈఈ, డివిజన్‌కు ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్), ఆ పైన సర్కిల్‌కు ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్). చెరువు సంగతి బాగా తెలిసింది ఏఈఈకి. కానీ మీ అగ్రిమెంట్ మీద సంతకం ఈఈది. ఏఈఈ బొటనవేలు గుర్తు పెట్టాడంటే ‘చూశాను’ అని అర్థం. ‘సరే’ అనే అధికారం ఆయనకు లేదు, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పాల్సిందీ ఆయనే. అందుకే వెనక్కి తగ్గుతాడు.

కాబట్టి సమాచారానికి ఒక దారి, నిర్ణయానికి ఒక దారి పెట్టండి. ఫొటోలు, రాకపోకలు వాట్సాప్‌లో చాలు. స్తంభం చోటు, డిజైన్ మార్పు, గడువు పెంపు మాత్రం కంపెనీ లెటర్‌హెడ్ మీద ఈఈ గారి పేర రాసి, డీఈఈకీ ఏఈఈకీ కాపీ పెట్టి, ఉత్తరం అందినట్టు ఆఫీసులో ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. మీటింగైతే అక్కడ అనుకున్నవి రాసిన మినిట్స్ ఆ సాయంత్రమే పంపండి.

ఇంకో సంగతి మీ ప్లాన్‌లో ఎక్కడా లేదు. చెడు కబురు ముందు ఎవరికి చెప్పాలి? సెన్సార్ తప్పు రీడింగ్ ఇస్తోందని ఈఈ ముందు రివ్యూలో మొదటిసారి చెబితే, పక్కన కూర్చున్న డీఈఈకి తల కొట్టేసినట్టవుతుంది. ఆ తర్వాత ఆయన మీ ఫోన్ ఎత్తడు. ముందురోజే ఆయనకు చెప్పండి, వీలైతే ఆయన నోటితోనే పైకి చెప్పించండి. ఇది దాపరికం కాదు. మెట్లున్న ఆఫీసులో కబురు మెట్టు దాటి దూకకూడదు, అంతే.

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ వారి పిమ్‌బాక్ గైడ్ (ప్రాజెక్టులు నడిపే పద్ధతుల పుస్తకం), 2017 నాటి ఆరో ఎడిషన్, కమ్యూనికేషన్ ప్లాన్ వేసేముందు చూడాల్సిన వాటిలో సంస్థ సంస్కృతిని, అప్పటికే అలవాటైన సమాచార మార్గాలను, ఆఫీసులు ఎక్కడెక్కడ ఉన్నాయన్నదాన్ని చేర్చింది. తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో సిగ్నల్ అందని చోట్లున్నాయి, వీడియో కాల్ ఎలా నడుస్తుంది? పొద్దున ఏఈఈ బయల్దేరకముందే ఒక ఫోన్ చేయండి. గ్రూపు కూడా విడగొట్టండి. 12 మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య 66 దారులు ఏర్పడతాయి, అందులో అసలు మాట మునిగిపోతుంది.

డాష్‌బోర్డ్ అనేది మనిషే దాని దగ్గరికి వెళ్లాల్సిన వస్తువు. శాఖకు ఒక పేజీ తెలుగు రిపోర్టు పంపండి. డాష్‌బోర్డ్ మీ హైదరాబాద్ టీమ్‌కు ఉండనివ్వండి, వాళ్లకు అది సరిపోతుంది.

మీ ఉత్తరంలో రైతుల మాటే లేదు. అది నాకు బాధనిపించింది. 2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టిని రైతులే సొంత ఖర్చుతో పొలాలకు తోలుకోవాలి. జేసీబీ ఏ రోజు దిగుతుందో డివిజన్ ఆఫీసు గోడ మీద అంటిస్తే ఏ రైతు చూస్తాడు? సర్పంచ్‌తో చెప్పించాం, డప్పు చాటింపు వేయించాం, ట్రాక్టర్లు కట్ట మీద బారులు తీరాయి. చెరువు నీళ్లు వదిలే నీరటిని అడగండి. మత్తడి (అలుగు) ఎప్పుడు దుంకుతుందో, తూము దగ్గర బురద ఎంత లోతుందో ఆయనకు తెలిసినంత మీ మ్యాప్‌కు తెలియదు. స్తంభం వేసేరోజు ఆయన అక్కడ ఉండాలని ప్లాన్‌లోనే రాయండి.

ఇక మీ ఎండీ గారు. శాఖ పద్ధతి మీరు మార్చలేరు గానీ మీ కంపెనీది మార్చవచ్చు. ఫీల్డ్ టెక్నీషియన్లు మీకు కాకుండా వర్క్‌షాప్ మేనేజర్‌కు జవాబుదారులైతే, ఈ ప్రాజెక్టు కబుర్లు ముందు మీకే చెప్పాలని ఎండీ గారితో రాతపూర్వకంగా ఇప్పించండి. అది లేకుండా ఫాలోఅప్ మీ ఒక్కరి మీద వేయడం న్యాయం కాదు.

మార్చిలో శాఖ బిల్లుల్లో ఉంటుంది, వానలు పడితే కట్టల కాపలాలో ఉంటుంది. అందుకే స్తంభాల ఉత్తరం ఈ వారమే రాయండి. చెరువుకో స్కెచ్ జతచేసి, ఏఈఈతో కట్ట మీద నిలబడి చూసి, ఇనీషియల్ వేయించాకే పైకి పంపండి.