టెక్ సందేహాలు: కీ మీద ఒక గుర్తు, తెర మీద మరొకటి

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ కొని ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకున్నాను. @ ఉన్న కీ నొక్కితే డబుల్ కొటేషన్, కొటేషన్ నొక్కితే @ పడుతున్నాయి. సెట్టింగ్స్‌లో బ్రిటిష్ కీబోర్డు ఎంచుకుంటే అంతా సరిపోయింది. కానీ రీస్టార్ట్ చేశాక లాగిన్ పాస్‌వర్డ్ తప్పంటోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా? – ఒక పాఠకుడు, మడివాళ, బెంగళూరు

జవాబు: అక్కర్లేదు. మీ ల్యాప్‌టాప్ బాగానే ఉంది, పాస్‌వర్డూ పోలేదు. ఏ స్థానంలోని కీ నొక్కారన్నది మాత్రమే కీబోర్డు కంప్యూటర్‌కు చెబుతుంది. అక్కడ ఏ గుర్తు పడాలో నిర్ణయించేది లేఅవుట్. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం అమెరికన్ అమరికతోనే వస్తాయి. మీది బ్రిటిష్ అమరిక. ఎంటర్ కీ రెండు వరసల ఎత్తున ఉండి, 3 మీద పౌండ్ గుర్తు ఉంటే ఇక సందేహమే లేదు.

మీరు పాస్‌వర్డ్ పెట్టినప్పుడు నడుస్తున్నది అమెరికన్ లేఅవుట్. తెర మీద చుక్కలే కనిపిస్తాయి కనుక, @ అనుకుని నొక్కిన చోట కొటేషన్ గుర్తు నమోదైందని తెలిసే వీలు లేదు. ఇప్పుడు లేఅవుట్ సరైంది, @ నొక్కితే @ పడుతోంది, అందుకే పాత పాస్‌వర్డ్‌తో కలవడం లేదు. కాబట్టి @ నొక్కాల్సిన చోట షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కండి. పాస్‌వర్డ్‌లో # కూడా ఉంటే, దాని స్థానంలో బ్యాక్‌స్లాష్ (\) నమోదై ఉంటుంది. అది ఎడమ షిఫ్ట్‌కూ జడ్‌కూ మధ్య ఉన్న చిన్న కీ మీద ఉంది. లోపలికి వెళ్లగానే పాస్‌వర్డ్ మార్చేయండి. మార్చే ముందు టెక్స్ట్ ఎడిటర్ తెరిచి, కొత్త పాస్‌వర్డ్‌లోని గుర్తులన్నీ అందులో కొట్టి ఒకసారి కళ్లారా చూసుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు పేజీలో కనిపించే ఖాళీ గడి ఉన్నదే ఇందుకు. దయచేసి ఎవరూ దాన్ని దాటవేయకండి.

డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి (పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోకుండా తాళం వేసి) ఉంటే మరింత జాగ్రత్త అవసరం. బూట్ అవుతున్నప్పుడు అడిగే పాస్‌వర్డ్‌కు మీ డెస్క్‌టాప్ సెట్టింగ్‌తో నేరుగా సంబంధం లేదు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వాడే బూట్ ఫైలులో కాపీ అయి ఉన్న లేఅవుటే అక్కడ పనిచేస్తుంది. కెర్నల్ (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్) అప్‌డేట్ వచ్చినప్పుడు ఆ ఫైలు కొత్తగా తయారై, కొత్త లేఅవుట్‌ను తీసుకుంటుంది. నిన్నటి దాకా పనిచేసిన పాస్‌వర్డ్ ఇవాళ హఠాత్తుగా పనిచేయకపోవడానికి ఇదొక కారణం. డేటా పోయిందని బెంబేలెత్తి డిస్కు ఫార్మాట్ చేసేసేవాళ్లను తలచుకుంటేనే బాధ కలుగుతుంది. ఆ ఒక్క పాస్‌వర్డ్‌ను గుర్తులు లేకుండా ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతోనే పొడవుగా పెట్టుకోండి. అమెరికన్, బ్రిటిష్ లేఅవుట్లు రెండింటిలోనూ అవి ఒకే చోట ఉంటాయి.

సెట్టింగ్స్ మెనూలో కాకుండా, ఉబుంటు కీబోర్డు సెట్టింగ్స్ ఫైలు తెరిచి లేఅవుట్ మార్చేవారికి ఒక మాట: అక్కడ బ్రిటిష్‌కు రాయాల్సిన కోడ్ జీబీ (gb), యూకే కాదు.

ప్రశ్న: మనం ఇండియాలోనే ఉన్నాం కదా అని కీబోర్డు జాబితాలో 'ఇండియన్' ఎంచుకున్నాను. ఏది కొట్టినా హిందీ అక్షరాలే పడుతున్నాయి. – ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆ పేరు చూసి పొరపడటం సహజం. లైనక్స్‌లో దాని అర్థం దేవనాగరి ఇన్‌స్క్రిప్ట్, అంటే భారతీయ లిపులకు ఉన్న ప్రామాణిక కీబోర్డు అమరికలో హిందీ లిపి. మీరు ఎంచుకోవలసింది 'ఇంగ్లిష్, ఇండియా, రూపీ గుర్తుతో' అని ఉన్నది. అక్షరాలన్నీ అమెరికన్ అమరికలోనే ఉంటాయి, కుడి ఆల్ట్‌తో 4 నొక్కితే ₹ పడుతుంది.

ప్రశ్న: డబ్బింగ్ సంభాషణలు టైప్ చేస్తుంటాను. విండోస్‌లో అను ఫాంట్లు, యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటు. లైనక్స్‌లో అదే అలవాటు పనికొస్తుందా? – ఒక పాఠకుడు, కోడంబాక్కం, చెన్నై

జవాబు: వస్తుంది. లైనక్స్‌లో భాషల టైపింగ్‌ను నడిపే ఐబస్ (ibus) ప్రోగ్రామ్‌కు తోడుగా, తెలుగు అమరికలున్న ఎం17ఎన్ (m17n) ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి లాగౌట్ అయి రండి. సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ సోర్సుల్లో తెలుగు కింద యాపిల్, ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి అమరికలు కనిపిస్తాయి. యాపిల్ ఎంచుకుని, మీరు రోజూ రాసే సంభాషణలు ఒక పేజీ కొట్టి చూడండి. ఒత్తుల దగ్గర మీ చేతి అలవాటుకు ఏమైనా తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మారడానికి విండోస్ గుర్తున్న కీతో స్పేస్ నొక్కితే చాలు. ఇక్కడ పడేది యూనికోడ్ తెలుగు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రామాణిక తెలుగు. మీ పాత అను ఫైళ్లు యూనికోడ్‌లో లేవు కాబట్టి వాటిని కన్వర్టర్‌తో మార్చి, ఒత్తులు సరిచూసుకోవాలి.

వీలైతే మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమనే అంటాను. ఎల్, జడ్, ఎన్, జీ, ఐ, జీ నొక్కితే 'తెలుగు' పడుతుంది. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. డీ నొక్కితే పొల్లు పడుతుంది, ఒత్తులన్నీ దానితోనే. ఇతర భారతీయ లిపులకూ స్థానాలు ఇవే. తమిళ ఇన్‌స్క్రిప్ట్‌కు మారినా 'క' కే మీదే ఉంటుంది. రెండు భాషల సంభాషణలూ పక్కపక్కన పెట్టుకుని పనిచేసే మీకు అది ఎంతో కలిసొస్తుంది. పని ఒత్తిడి లేని రోజుల్లో మొదలుపెట్టండి, అప్పటివరకు యాపిల్‌ను జాబితాలోంచి తీసేయకండి.