థ్రస్ట్ బేరింగ్ మీద బలం సున్నా చేస్తే మంచిదేగా?

"జెట్ ఇంజిన్‌లో కంప్రెసర్ రోటర్‌ని ముందుకు లాగుతుంది, టర్బైన్ వెనక్కి నెడుతుంది. రెండూ సరిసమానంగా ఉండేలా డిజైన్ చేస్తే బేరింగ్‌కి శ్రమే ఉండదు కదా?" అని ఒకరు అడిగారు. (రోటర్ అంటే ఇంజిన్‌లో తిరిగే భాగం. అది ముందుకీ వెనక్కీ జరిగిపోకుండా పట్టి ఉంచే బాల్ బేరింగే థ్రస్ట్ బేరింగ్.)

గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇలాగే అనుకున్నాను. బ్యాలెన్స్ పిస్టన్ సీల్ (రోటర్‌ని నొక్కే గాలి గది నుంచి గాలి కారకుండా ఆపే వలయం) వ్యాసం మార్చి మార్చి, టేకాఫ్ దగ్గర మిగులు బలాన్ని దాదాపు సున్నాకి తెచ్చాను. గర్వంగా చూపిస్తే మా సీనియర్ మేడమ్ ఒక్కటే అడిగారు: "టేకాఫ్ సరే, క్రూయిజ్‌లో ఎంతుంది?" నిలకడగా ఎగిరే ఆ దశ లెక్క తీసి చూస్తే మైనస్! బలం దిశే తిరగబడింది. ఆ రోజు లంచ్ దిగలేదు.

ఇక్కడ మిగిలేది రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడా. ఏ ఒక్కటి కాస్త కదిలినా తేడా అటు నుంచి ఇటు దూకుతుంది. దూకినప్పుడల్లా రోటర్ బేరింగ్‌లో ఉన్న సందు మేర ముందుకీ వెనక్కీ జరుగుతుంది. సున్నా దగ్గరే నిలిచినా గండమే. నొక్కే బలం లేకపోతే బాల్స్ దొర్లవు, జారతాయి. ఆయిల్ పొర తెగి ఉపరితలం గీసుకుపోతుంది. కాబట్టి బేరింగ్ మీద ఎప్పుడూ ఒకే దిశలో కొంత బలం ఉండాలి, దాని ఆయుష్షు తినేసేంత ఉండకూడదు.

సర్దుబాటుకి వాడేది కంప్రెసర్ నుంచి తీసిన గాలే. దాన్ని రోటర్ పక్కన ఒక గదిలో నింపుతారు, సీల్ వ్యాసమే ఆ గాలి ఎంత వైశాల్యం మీద నొక్కాలో తేలుస్తుంది. 300 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 310 చేస్తే, 5 బార్ పీడన తేడా దగ్గర దాదాపు 2,400 న్యూటన్లు మారతాయి, అంటే పావు టన్ను బరువు! సీల్ అరిగితే ఆ గదిలో పీడనమూ మారుతుంది, అందుకే అరిగిన సీల్‌తో కూడా లెక్క కట్టాలి. మేం మొదట్లో అది మర్చిపోయాం.

షాఫ్ట్ రెండో కొసన రోలర్ బేరింగ్ ఎందుకంటే, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి టక్ టక్‌మనే జాయింట్లు గుర్తు తెచ్చుకోండి. ఎండకి శ్లాబు పెరిగితే జరగడానికే ఆ సందు. మీటరు నికెల్ మిశ్రమలోహం 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 7 మిల్లీమీటర్లు సాగుతుంది, రోలర్ దాన్ని జరగనిస్తుంది. బాల్ బేరింగ్ మీది బలమేమో స్ట్రట్‌ల (ఆధార కమ్మీల) గుండా కేసింగ్‌కి (బయటి తొడుగుకి), అక్కడి నుంచి మౌంట్లకి (ఇంజిన్‌ని విమానానికి బిగించే చోట్లకి) పోతుంది.

మీరు లెక్క వేస్తుంటే టేకాఫ్‌తో కాదు, ఐడిల్‌తో (ఇంజిన్ అతి తక్కువ వేగంలో తిరిగే దశతో) మొదలుపెట్టండి. బాల్స్ జారే ప్రమాదం ఎక్కువ అక్కడే.