బంటి గుర్రుమనడం మానేసిన రోజు

చిట్టీ,

షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకుంటున్నారని, సంతకాలు కూడా అయిపోయాయని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. ఐదేళ్లప్పుడు కుక్క కరిచిన పిల్లవి. ఆ తర్వాత ఎక్కడ కుక్క కనిపించినా మీ నాన్న వెనక్కి వెళ్లి నక్కేదానివి. అలాంటిదానివి, ఇవాళ ఎవరికీ అక్కర్లేని కుక్కని ఇంటికి తెచ్చుకుంటానంటుంటే నా గుండె నిండిపోయింది. భయం కూడా వేసింది. మీ పాపకి ఇప్పుడు సరిగ్గా ఐదేళ్లు. ఆ మాట గుర్తొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే సగం చెప్పి ఏడ్చేస్తాను, అందుకే రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. టీకాల కార్డు షెల్టర్ వాళ్ల దగ్గర అడిగి తీసుకుని, మొదటి వారంలోనే వెట్‌కి, అదే పశువుల డాక్టర్‌కి చూపించు. రేబీస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు ఎప్పుడెప్పుడు వేశారో చూసుకో. నులిపురుగులకీ పిడుదులకీ మందులు ఆయన్నే అడుగు. షెల్టర్‌లో ఏది తింటోందో కొన్నాళ్లు అదే పెట్టు. మార్చాలనుకుంటే వారం రోజుల పాటు కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చు, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, జైలిటాల్ అనే తీపి పదార్థం వేసిన చూయింగ్ గమ్ కుక్కకి విషం. ఇది పాపకి కూడా అర్థమయ్యేలా చెప్పు. ఇల్లు తడిపితే తిట్టకు, తుడిచెయ్. బయట పోసినప్పుడు మాత్రం అక్కడికక్కడే మెచ్చుకో.

తలుపుల దగ్గర జాగ్రత్త. భయపడ్డ కుక్క వెనక్కి వెనక్కి లాగి మెడ బెల్టులోంచి తల తప్పించేసుకుంటుంది. అందుకే ఛాతీ చుట్టూ కట్టే హార్నెస్ కూడా వెయ్యి, రెండింటికీ లీష్ (పట్టుకునే తాడు) తగిలించు. లీష్ చేతిలోకి తీసుకున్నాకే కారు తలుపు తియ్యి. ఒకవేళ చేయి జారిపోతే మాత్రం వెంటపడి పరిగెత్తకు. మనం తరిమే కొద్దీ అది ఇంకా దూరం పోతుంది. కింద కూర్చుని, పక్కకి తిరిగి, మెల్లగా పిలువు.

చూడ్డానికి వస్తామని అందరూ అంటారు. మీ అమ్మే మొదట అంటుంది. వద్దని చెప్పెయ్. షెల్టర్ల వాళ్లకి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క ఉంది. మూడు రోజులు బెదురు పోవడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతులు తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లు అనుకోవడానికి. కుక్కని బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది. మొదటి రోజుల్లో స్నానాలూ ఫొటోలూ ఏమీ వద్దు. ఒక మూల పరుపు, నీళ్లు, మాట్లాడకుండా పక్కన కూర్చునే మనిషి ఉంటే దానికి చాలు. ఎదిగిన కుక్కలు రోజుకి దాదాపు పన్నెండు గంటలు నిద్రపోతాయి. నిద్రపోయే కుక్క మీద పాప చెయ్యి వెయ్యకూడదు, ఎంత ముద్దొచ్చినా సరే.

ఇక బంటి సంగతి. నీకు గుర్తున్నది వేరు, జరిగింది వేరు.

బంటిని తెచ్చినప్పుడు దానికి మూడేళ్లు ఉంటాయని చెప్పారు. గోధుమ రంగు, ఎడమ చెవి చివర చిరిగిపోయి ఉండేది. మొదటి పది రోజులు నోరెత్తలేదు. ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకునేది. ఎంత బుద్ధిగా ఉందో అని అందరికీ చెప్పుకున్నాను. అది బుద్ధి కాదమ్మా, భయంతో బిగుసుకుపోవడం. ఆ తేడా నాకు తెలియలేదు.

రెండు వారాలయ్యాక, అది తింటుంటే నేను పక్కనుంచి వెళ్లాను. గుర్రుమంది. అన్నం పెట్టే చేతి మీదే గుర్రుమంటుందా అని నాకు రోషం వచ్చింది. కుక్కకి యజమాని ఎవరో తెలియాలి, తింటుండగా గిన్నె లాగేసుకో, ఎదురు తిరిగితే ముక్కు మీద ఒక్కటి వెయ్యి అని తెలిసినవాళ్లు ఎవరో చెప్పారు. నేను అలాగే చేశాను. రోజూ రెండు పూటలా గిన్నె లాగేదాన్ని. గుర్రుమంటే పేపరు చుట్టి కొట్టేదాన్ని. పదకొండో రోజో పన్నెండో రోజో గుర్రు ఆగిపోయింది. దారికొచ్చిందని మీ పెదనాన్నతో గొప్పగా చెప్పాను.

ఇప్పుడు కళ్లు మూసుకుంటే అన్నీ కనిపిస్తాయి. నేను వంటింట్లోకి అడుగు పెట్టగానే నమలడం ఆపేసేది. తల గిన్నె మీదకి ఇంకా దించేసి, ఒళ్లంతా కర్రలా బిగించేది. తల కదిలేది కాదు, కళ్లు మాత్రం నా వైపు తిరిగేవి, పక్కన తెల్లగుడ్డు కనిపించేది. నేను వెళ్లేదాకా అలాగే ఉండి, ఆ తర్వాత నమలకుండా మింగేది. భయం తగ్గలేదు. దగ్గరికి రావద్దు అని చెప్పే గొంతు ఒక్కటే నేను నొక్కేశాను.

సెలవులకి మీరందరూ వచ్చారు. నీ బంతి దొర్లి దాని గిన్నె పక్కకి వెళ్లింది. నువ్వు వంగావు. గుర్రు లేదు, మొరుగు లేదు. నేను పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసేసరికి నీ ఎడమ చెయ్యి దాని నోట్లో ఉంది. సబ్బు రాసి కుళాయి కింద పావుగంట కడిగాను, నువ్వు ఏడుస్తూనే ఉన్నావు. నాలుగు కుట్లు, టీకాలు. హెచ్చరిక కూడా లేకుండా కరిచింది, ఇలాంటి కుక్కని ఇంట్లో ఎలా ఉంచుతారు అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. మర్నాడు దాన్ని షెల్టర్‌కి తిరిగి తీసుకెళ్లాను. దానికి కారంటే ఇష్టం, తలుపు తియ్యగానే ఎక్కి కూర్చుంది. అక్కడి అబ్బాయి లోపలికి నడిపించుకుపోతుంటే వెనక్కి తిరిగి నా వైపు చూసి తోక ఊపింది. దాని బెల్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఇంకో తప్పు కూడా చేశాను, తల్లీ. కుట్లు వేయించుకొచ్చాక, తినే కుక్క దగ్గరికి ఎందుకెళ్లావని నిన్నే తిట్టాను. ఐదేళ్ల పిల్లవి, తలొంచుకుని ఇంకెప్పుడూ వెళ్లను పెద్దమ్మా అన్నావు. నీ తప్పేమీ లేదు. బంటిదీ లేదు. ఈ మాట నీకు చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, మీ కుక్క గుర్రుమంటే కొట్టొద్దు, కసరొద్దు. ఆగి, వెనక్కి తగ్గి, దేనికి భయపడిందో చూడు. గుర్రు కంటే ముందే అది ఇంకా చాలా చెబుతుంది. మొహం పక్కకి తిప్పుకుంటుంది, ఊరికే పెదాలు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, బిగుసుకుపోతుంది. పాపకి కూడా అవి గుర్తుపట్టడం నేర్పు. ఇన్నాళ్లూ లేనిది ఉన్నట్టుండి గుర్రుమంటే ఎక్కడో నొప్పి ఉండొచ్చు, వెట్‌కి చూపించు.

గిన్నె విడిగా ఒక గదిలో పెట్టి తలుపు వెయ్యి. తిని బయటికొచ్చాకే గిన్నె తియ్యి. బంటి తర్వాత మా ఇంట్లో పదకొండేళ్లు ఉన్న ఇంకో కుక్క లక్కీ కూడా మొదట్లో గిన్నె దగ్గర గుర్రుమంది. ఈసారి గిన్నె ముట్టుకోలేదు. అది బిగుసుకోనంత దూరం నుంచి నడిచి వెళ్తూ, దానికి గిన్నెలో ఉన్నదానికంటే ఇష్టమైన ముక్క ఒకటి విసిరి, ఆగకుండా వెళ్లిపోయేదాన్ని. రోజులు గడిచే కొద్దీ ఒక్కో అడుగు దగ్గరగా. రెండో నెలలో ఒకరోజు నా అడుగుల చప్పుడు విని గిన్నెలోంచి తల ఎత్తి తోక ఊపింది. ఆ పూట నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. ఈ పని పెద్దవాళ్లే చెయ్యాలి, పాపతో చేయించొద్దు. తగ్గకపోతే కొట్టకుండా నేర్పే ట్రైనర్‌ని పిలువు.

కుక్కనీ పాపనీ ఒక గదిలో వదిలి కాలింగ్ బెల్‌కి కూడా వెళ్లకు. ఇద్దరిలో ఒకరిని వెంట తీసుకెళ్లు. అతి జాగ్రత్త అని మీ ఆయన అంటే, ఈ ఉత్తరం అతన్ని కూడా చదవమను.

మూడు వారాలు దాటాక నువ్వు రమ్మంటేనే వస్తాను. దాని కళ్లలోకి చూడను, చెయ్యి చాపను. గుమ్మం పక్కన నేల మీద కూర్చుంటాను, అది ఎప్పుడొచ్చి వాసన చూస్తే అప్పుడే. మోకాళ్లు నొప్పులు కాబట్టి లేవాలంటే నువ్వే వచ్చి చెయ్యివ్వాలి.

మొదటిసారి గుర్రుమన్న రోజు నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

మీ పెద్దమ్మ